గుమ్మంలో పాలేరు

ఆత్రేయపురం

చిరంజీవి ఆశాజ్యోతికి బుల్లిరాజు ఆశీస్సులు.

అమ్మా, మా వంటింట్లో కూర్చుని నువ్వు వేసిన బొమ్మ రాజమండ్రి ప్రదర్శనలో చూశాను. కింద అంటించిన చీటీ చదివేసరికి గుండె గుభేలుమంది. "పూతరేకులు తీస్తున్న ఇల్లాలు. గుమ్మంలో కండువా చాచి కూలి అడుగుతున్న పాలేరు" అట! ఆ పాలేరు నేనే కదమ్మా! గాలి కొడితే కుండ మీద రేకు చిరిగిపోతుందని కండువా అడ్డం పట్టాను. ఆదివారం మా కిరణ్ కుమార్‌కి పిల్లనిచ్చేవాళ్లు ఆ బొమ్మ చూడ్డానికి వస్తున్నారు. మా ఇంటి బొమ్మేనని నేనే గొప్పలు పోయాను. ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

ఇట్లు,
అన్నం సయించని బుల్లిరాజు

తా.క.: ఫోన్లో చెబితే మా ఆవిడ రామలక్ష్మి వింటుంది. అందుకే ఉత్తరం.

రాజమహేంద్రవరం

బుల్లిరాజు గారికి నమస్కారాలండి.

ఆ చీటీ రాసింది ఈ ప్రదర్శన నడిపిస్తున్న లెక్చరర్ జానకిరామ్ గారండి. మీరు ఇంటి యజమాని అంటే, "మరి కాళ్లకు చెప్పులేవి? చేతికి వాచీ ఏదీ?" అన్నారు. వంటింట్లోకి చెప్పులతో ఎవరొస్తారండి? అయినా వినలేదు. అందుకని మిమ్మల్ని పడక్కుర్చీలో కూర్చోబెట్టి, వాచీ పెట్టాను. కంగారు పడకండి.

ఇట్లు,
ఆశాజ్యోతి, డ్రాయింగ్ టీచర్

తా.క.: చీటీ కూడా మార్చారండి. "ఆడమనిషి చెమటోడుస్తుంటే కుర్చీలోంచి చూసి ఆనందిస్తున్న భూస్వామి. కదలని వాచీ కూలబోయే వర్గానికి సంకేతం."

ఆత్రేయపురం

అమ్మా ఆశాజ్యోతీ,

కొంప మునిగింది. పెళ్లికూతురు శ్రీదుర్గ బ్యాంకులో ఆఫీసరు. అలాంటి మామ ఉన్న ఇంటికి వస్తుందా? మావాడు మనసుపడ్డ పిల్ల. సంబంధం తప్పితే నా మొహం చూడడు. కుర్చీ తీసెయ్యి. వాచీ తీసెయ్యి. నన్ను కూడా తీసెయ్యి!

ఇట్లు,
దిక్కుతోచని బుల్లిరాజు

తా.క.: నన్ను తీసేస్తే రేకు చిరుగుతుంది. వద్దులే, ఉంచు. పాలేరుగానే ఉంచు.

రాజమహేంద్రవరం

బుల్లిరాజు గారికి నమస్కారాలండి.

మిమ్మల్ని మళ్లీ గుమ్మంలో నిలబెట్టాను. జానకిరామ్ గారు పాత చీటీయే అంటించారు. ఆదివారం వాళ్లు రానే వచ్చారు. "ఈ పాలేరెవరమ్మా?" అని శ్రీదుర్గ వాళ్ల నాన్నగారు అడిగారండి. ఇంక దాచలేక, అది మీరేనని, రేకు చిరక్కుండా గాలికి కండువా అడ్డం పట్టారని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తెల్లబోయారు. శ్రీదుర్గ మాత్రం బొమ్మ ముందు నుంచి కదల్లేదు. చివరికి, "నాన్నా, ముహూర్తం పెట్టించండి" అంది.

ఇట్లు,
ఆశాజ్యోతి

తా.క.: ఒక్క షరతు పెట్టిందండి. పెళ్లయ్యాక గుమ్మంలో గాలికి అడ్డం తను నిలబడుతుందట. రేకులు తీసేది కిరణ్ కుమార్ అట. అబ్బాయిని రేపే కుండ దగ్గర కూర్చోబెట్టండి.