తాళాల గుత్తిలో తాబేలు బిళ్ళ

అన్నయ్యా,

ఒడ్డుకి లాగిన వలలో తాబేలు పడితే, పసుపూ కుంకుమా పెట్టి మళ్ళీ సముద్రంలోకి వదిలావు, గుర్తుందా? వదిలేముందు దాని రెక్కకున్న స్టీలు బిళ్ళ పీకి నా చేతిలో పెట్టావు. "ఎవులో గుచ్చీసినారు. నొప్పెట్టదేటి దానికి?" అన్నావు. అదిప్పుడు కొత్తపేటలో మా ఇంటి తాళాల గుత్తికి ఉంది.

మా పై వాటాలో అద్దెకుంటున్న మౌనిక సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేస్తోంది. నిన్న ఆ బిళ్ళ చూసి, ఎక్కడిదని నన్ను మెట్ల మీదే ఆపింది. నువ్వు పీకిచ్చావని చెప్పాను.

"తాబేలు ఏడేడ తిరుగుతుందో తెల్సుకోనీకే గీ బిళ్ళ గుచ్చుతరు ఆంటీ! పీకేస్తే మాకెట్ల తెలుస్తది?"

నీ జాలి వల్ల ఒక తాబేలు వాళ్ళకి జాడ లేకుండా పోయిందన్నమాట! నాకు నవ్వాగలేదు. బిళ్ళ మీది నంబరు పంపితే, ఎవరు ఏ తీరంలో గుచ్చారో తెలుస్తుందట. ఎంత దూరం నుంచి ఈదుకొచ్చిందో అని రాత్రంతా అదే ఆలోచన.

ఇవాళ ఇద్దరం కూర్చుని ఫారం నింపాం. 'చివరిసారి చూసినవారు' అన్నచోట నీ పేరు రాయించాను.

"అప్పుడు మంచిగనే ఉండెనా?" అని అడిగింది.

"అల దాటి చక్కగా వెళ్ళిపోయింది" అన్నాను.

నువ్వు చేపల వేటకెళ్ళి తిరిగిరాని ఏడాది, పోలీసు స్టేషన్ కాగితంలో ఇలాంటి గడిలోనే నా పేరు రాశారు.

నీ చెల్లి