డ్రాగన్‌కి తెలుగు మాట

మంగళవారం, బాతెల్ (అమెరికా)

నిన్న మా అమ్మాయి అన్వి స్కూల్ చార్ట్‌తో నా ప్రాణం విసిగిపోయింది. డ్రాగన్ అనే మాట ఆరు భాషల్లో రాయాలట. ఐస్‌లాండ్ భాషలో డ్రెకి, ఫారో దీవుల భాషలోనూ డ్రెకి. పొరపాటేమోనని గంటసేపు వెతికాను. నిజంగానే రెండిట్లోనూ ఒకటే.

చివరికి తెలుగు గడి మిగిలింది. "డ్రాగన్ అనే రాయి" అన్నాను.

"అమ్మా, అది ఇంగ్లీష్! అంత చిన్న ఐలండ్స్‌కి కూడా వర్డ్ ఉంది, మనకి లేదా?"

మా ఆయన "రెక్కల పాము" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "లేదు, డ్రాగన్ అనే రాసేయ్" అని కసిరాను. పిల్ల అలాగే రాసి ఈరోజు ఇచ్చేసింది.

సాయంత్రం పక్కింటి మేరీ అక్కతో ఈ సంగతి చెప్పాను. "అదేంటి, ఘటసర్పం అంటాంగా! చిన్నప్పటి నుంచీ మా చర్చిలో వింటున్నదే" అంది.

ఇంటికొచ్చి అన్వికి చెప్పాను. "గటసర్పం" అని రెండుసార్లు పలికి చూసుకుంది. "మరి నిన్న లేదన్నావెందుకు?" అని అడిగింది.

'తెలియదు' అనాల్సిన చోట 'లేదు' అన్నాను. పిల్లకింకా ఎన్ని లేవని చెప్పి ఉంటానో...