నూట పన్నెండు మెట్లు

అక్కా,

క్షేమంగా చేరాను, దిగులు పెట్టుకోకు. కొండల్లో మనిద్దరికీ ఇల్లు దొరికింది. ముందు బాగా పైన ఒకటి చూశాను. కిటికీ తీయగానే మబ్బొకటి లోపలికొచ్చి, గదంతా తిరిగి, నా చొక్కా తడిపి వెళ్లిపోయింది. కలలో ఉన్నట్టే ఇంటావిడకు సరేనన్నాను. రోడ్లు కొలిచే ఉద్యోగం కదా, దిగుతూ మెట్లు లెక్కపెట్టాను. నూట పన్నెండు! నీ మోకాళ్లు గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాను. ఇల్లు నా ఒక్కడి కోసమే చూసుకున్నానని సిగ్గేసింది. మళ్లీ పైకెక్కి, "ఏమనుకోకండి, మా అక్క ఇన్ని మెట్లు ఎక్కలేదండీ" అన్నాను.

"ముందే చెప్పొద్దూ! కింద మా చెల్లెలిల్లు ఖాళీగానే ఉంది. గడప తప్ప ఒక్క మెట్టు లేదు" అని ఆవిడే తీసుకెళ్లి చూపించింది. నిన్ననే అందులో దిగాను.

కుట్టుమిషను బస్సు మీద వేస్తారేమో కనుక్కో. ఉన్ని దుప్పట్లు మరిచిపోకు. పిల్లిని ఎవరికిస్తున్నావు? పక్కింటి పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

ఇక్కడ ఇంట్లోకి ఎండ రోజుకు రెండు గంటలే వస్తుంది. అది పడేచోటే నీ మంచం వేశాను.

నీ తమ్ముడు