నువ్వు రాసిచ్చిన చీటీ

మార్చి 12, మంగళవారం

మా ఇంటి డాక్టరమ్మకు,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట నా రక్తంలో హెపటైటిస్ సి ఉందని కనిపెట్టింది నువ్వే. మీ నాన్న పుట్టినప్పుడు నాకెక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నావు. వాడు పుడుతూనే నన్ను సతాయించాడన్నమాట. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చావు. వెళ్లాను, ఫర్వాలేదన్నారని నీతో చెప్పాను చూడు, అది అబద్ధం. వెళ్లిన మాట నిజమే. మొదటిసారి, లివరు డాక్టరు బుధవారాలే వస్తారన్నారు. బుధవారం వెళితే, పరీక్ష పాతబడింది, మళ్లీ చేయించుకురమ్మంది కిటికీ వెనకాలమ్మాయి, తలైనా ఎత్తకుండా. ముప్పయ్యేళ్లు లెక్కల పాఠాలు చెప్పి పిల్లల్ని వరుసలో నిలబెట్టినదాన్ని, మూడోసారి నేను నిలబడలేకపోయాను. కాగితం చూపించమని నువ్వూ అడగలేదు.

కిందటి నెల నీరసంగా ఉందని మా వీధి చివరి డాక్టరు దగ్గరకెళ్లాను. అతనూ నీలాగే జలుబులూ జ్వరాలూ చూసేవాడు. పాత రిపోర్టు చదివాడు. ఇక చీటీ రాస్తాడని నేను లేవబోతే, కూర్చోండి మామ్మగారూ, ఎక్కడికి బయల్దేరారన్నాడు. రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించాడు. అవి ముందు పెట్టుకుని, నా ఎదుటే లివరు డాక్టరుతో ఫోనులో మాట్లాడాడు. రోజూ మాత్రలు, పన్నెండు వారాలు, నేనే ఇస్తానన్నాడు. నీకొచ్చా బాబూ అన్నాను. నేర్చుకున్నానండీ, మీరు లెక్కలు పుట్టగానే చెప్పేశారా అన్నాడు. నా నోరు మూయించినందుకు మీ తాతయ్య ఉంటే అతనికి దండ వేసేవారు.

మొన్న ఫోనులో ఈ జబ్బుకు మీరే మందివ్వరా అని అడిగితే నువ్వు, ఆ జబ్బు మా స్థాయిది కాదు నానమ్మా, చీటీ రాసి పంపేస్తామన్నావు. పంపడం నీ చేతిలో పనే. అలా నువ్వు పంపినవాళ్లలో ఎంతమంది ఆ డాక్టరు గది దాకా వెళ్లారో ఎప్పుడైనా కనుక్కున్నావా?

ఇట్లు,
నీ మొండి నానమ్మ

తా.క. స్కానింగులో ఏముందో పైన దాటేశాను. నా లివరు గట్టిపడడం మొదలైందట. మాత్రలతో వైరస్ పోవచ్చు, గట్టిపడింది మళ్లీ మెత్తబడుతుందని చెప్పలేమన్నాడు. రెండేళ్ల కిందటే మొదలుపెట్టి ఉంటే అని ఏదో అనబోయి, నా మొహం చూసి ఆపేశాడు. తప్పు నాది, నీ మీద రుద్దను. ఇది చదవగానే నాకు ఫోను చెయ్యాలని నీకనిపిస్తుంది. చెయ్యకు. నువ్వు చీటీలిచ్చినవాళ్లకు ముందు చెయ్యి. అందరూ అయ్యాక నాకు. అప్పటిదాకా నేనెక్కడికీ పోనులే.