హెడ్‌ని లేతుకి పంపమనండి

ఏమండీ, మెకానిక్ ఫోన్ చేస్తాడు, మాట్లాడాకే పడుకోండి. మన కారు హెడ్ గాస్కెట్ పోయిందట. అదొక్కటే మారిస్తే రేపే ఇచ్చేస్తాడట. ఒప్పుకోకండి. ఇంజిన్ అంతలా వేడెక్కింది కదా, దాని పైన మూతలా బిగించిన హెడ్ వంగి ఉంటే కొత్త గాస్కెట్ కూడా మూన్నాళ్ల ముచ్చటే. లేతు షాపుకి పంపి, పగుళ్లున్నాయేమో చూసి, చదును చేయించమనండి. వారం పడుతుందట. పట్టనీండి.

రాసేశాను గానీ మనసొప్పడం లేదు. మీ నైట్ డ్యూటీ మొదలయ్యాక మనం మాట్లాడుకునేది పొద్దున్నే మీరు నన్ను ఆఫీసులో దింపే ఆ కాసేపే. ఇప్పుడు మీరు ఇంటికొచ్చేసరికే నేను బస్సెక్కేస్తున్నాను. నిన్న గోడతో మాట్లాడాను. అదీ మీలాగే ఊ కొట్టలేదు.

తా.క. మన బస్సులు వంతెన మీద ఎదురవుతాయి. నిన్న మీరు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. రేపు మేలుకుని ఉండండి, చెయ్యి ఊపుతాను.