తలుపు గీత

దరియాలతిప్ప,
జూన్ 9

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో నేను ఊఁ అనడం తప్ప మాట్లాడనని కోపగించుకున్నారట. స్పీకర్ పెట్టి అత్తయ్య, మావయ్య, పక్కింటి జోసెఫిన్ అక్క వింటుంటే ఏం మాట్లాడను? అందుకే రాస్తున్నాను.

మీరు పంపిన పన్నెండు చైనా అక్షరాల కాగితం అందింది. ఎడమ బూటు, కుడి బూటు, బాగోలేక వెనక్కి పంపాల్సిన బూటు అని పక్కన తెలుగులో రాయడం మంచిదైంది. ఇవి రాసే పరీక్ష నెగ్గితే మీ బూట్ల ఫ్యాక్టరీలోనే శాంపిల్ రూమ్‌లో బూట్లకి చీటీలు రాసే పని, మనిద్దరికీ క్వార్టరు ఇస్తారన్నారు. పరీక్ష మీదే అయినా నేనూ దిద్దుతున్నాను. పెళ్ళయి పద్నాలుగు నెలలైతే మనం ఒకచోట ఉన్నది నలభై రోజులు.

నిన్న అత్తయ్య కూర నోట్లో పెట్టుకుని, "ఏమే, ఉప్పు కూడా చైనా భాషలోనే వేశావా?" అన్నారు. వేయడం మరిచిపోయాను.

'వెనక్కి' అనే అక్షరం, గడిలో గడి, 回, నాకు బాగా కుదిరింది. నేను రాసిన కాగితం దీంతో పెడుతున్నాను.

మీ రాణి

జూన్ 20

ప్రియమైన రాణికి,

నీ కాగితం నా కాగితాలతో కలిపి తైవాన్ నుంచి మా ఫ్యాక్టరీకి వచ్చిన మేడమ్‌కి చూపించాను. పరీక్ష పెట్టేది ఆవిడే. ఇద్దరి గడులూ చూసి, తలుపు ముందే వేసేశారు అంది. పెద్ద గడి మూడు వైపులా గీసి, లోపలి చిన్న గడి పూర్తిచేసి, అప్పుడు కింది గీత గీయాలట. మనుషులు లోపలికి వెళ్ళాకే కదా తలుపు వేస్తాం అంటుంది. ముందే వేస్తే లోపలి గడి ఇరుకున పడుతుందట.

అక్షరం అదే అయినప్పుడు ఏ గీత ముందైతే ఏంటి? ఐటీఐ చదివినవాణ్ణి మళ్ళీ అఆలు దిద్దమంటే ఎలా? పరీక్ష జూలై పదిహేనున. చూద్దాంలే.

నీ జాషువా

జూన్ 27

ప్రియమైన మీకు,

వందనాలు. చూద్దాంలే అనకండి.

నిన్న మావయ్య పక్కన కూర్చుని వల బాగుచేశాను. తొందరలో దారం ముందు తిప్పాల్సింది తర్వాత తిప్పాను. ముడి అలాగే కనిపించింది. మావయ్య మాత్రం విప్పించారు. "పైకి రెండూ ఒకటేనమ్మా. నీట్లో చేప లాగినప్పుడు తెలుస్తాది," అన్నారు. మీ మేడమ్ చెప్పిందీ అదే అనిపించింది.

'వెనక్కి' నూరుసార్లు రాసి పంపుతున్నాను. ముందు లోపలిది, తర్వాత తలుపు. మీకు దండం పెడతాను, చేతికి అలవాటు చేయండి.

మీ రాణి

జూలై 22

ప్రియమైన రాణికి,

పరీక్ష పోయింది. వారమైంది. నీకు ఎలా చెప్పాలో తెలియక ఫోన్ చేయలేదు.

మేడమ్ నా వెనకే నిలబడింది. 'వెనక్కి' దగ్గర నాకు తెలిసేలోపే చెయ్యి తలుపు వేసేసింది. క్వార్టరు వేరేవాళ్ళకి వెళ్ళింది. నువ్వు చెప్పినట్టు రాయలేదు, తప్పు నాదే.

నీ నూరు గడుల కాగితం జేబులో ఉంది. లేచి వస్తుంటే కిందపడింది. మేడమ్ తీసి చూసి ఎవరి చెయ్యి ఇది అని అడిగింది. మా ఆవిడది, అయిదుతో బడి మానేసింది, నలుగురిలో నోరు విప్పదు అన్నాను. "ఈ పనిలో నోటితో ఏం పని?" అంది.

ఆగస్టు 18న మళ్ళీ పరీక్ష, ఆడవాళ్ళకి. నెగ్గితే క్వార్టరు వాళ్ళ పేరునే ఇస్తారు. రమ్మని బలవంతపెట్టను. నీ ఇష్టం.

నీ జాషువా

ఆగస్టు 2

ప్రియమైన మీకు,

వందనాలు. అత్తయ్యతో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చివరికి ఆవిడ చేపలు తోముతుంటే వెనక నిలబడి చెప్పేశాను. తిరగకుండానే, "వెళ్ళు. అక్కడైనా ఉప్పు తెలుగులో వెయ్యి," అన్నారు.

పదహారున మావయ్య, నేను కాకినాడలో రైలెక్కుతాం. మీ మేడమ్ వెనక నిలబడితే నిలబడనివ్వండి. నా చేతికి వరస తప్పదు.

కింద 'వెనక్కి' అక్షరం ఒకటి రాశాను. ఆఖరి గీత మరిచిపోయానని అనుకోకండి. మనిద్దరం లోపలికి వెళ్ళాక మీరే గీద్దురుగాని.

మీ రాణి