తాబేలు రాయి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఎనిమిది కిలోమీటర్లు. మోకాలు మూలిగింది గానీ మాట విన్నది.

నిన్నటి వానకి కొండ వెనక ట్రైల్, ఆ మట్టిబాట అంతా మెత్తబడింది. పరిగెత్తడానికి అంతకన్నా సుఖం లేదు. ఎక్కుడు దారిలో ఎప్పటిలాగే నేను ముందు, నా పసుపు టీషర్టు చూసుకుంటూ అన్నయ్య సైకిల్ మీద వెనక. దిగుడు మొదలయ్యే చోట లెక్క మారిపోతుంది. వంతెన దగ్గర కలుద్దాం నత్తా అని బ్రేకులు వదిలేసి తను వెళ్లిపోతాడు. నేను దిగేసరికి వంతెన మీద కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుంటూ ఉంటాడు. నీకోసం చూసి చూసి ముసలాణ్ణయిపోయానే అంటాడు. పదిహేనేళ్లుగా ఇదే జోకు. పదిహేనేళ్లుగా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 13

కళ్ల డాక్టర్ దగ్గరికి అన్నయ్యకి తోడు వెళ్లాను. కళ్లజోడు మార్చుకోవాలని వదినకి చెప్పి వచ్చాడట.

కళ్లజోడు కాదు. చూపు చుట్టూ అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోందట. మందు లేదట. ఎన్నాళ్లు పడుతుందంటే డాక్టర్ చెప్పలేనంది. అన్నయ్య లేచి థాంక్స్ చెప్పి, తలుపు అనుకుని పక్కనున్న బీరువా పిడి పట్టుకుని లాగాడు. జోకు వేశాడనుకుని నేను నవ్వాను. డాక్టర్ నవ్వలేదు.

బయట బెంచీ మీద నాతో ఒట్టు వేయించుకున్నాడు. వదినకి చెప్పకూడదు. ప్రెస్‌లో తెలియకూడదు. ప్రింటింగ్ ప్రెస్‌లో అన్నయ్యది కాగితాలు కోసే మిషన్ మీద పని. రోజూ ఆ కత్తి కింద చేతులు పెట్టాలి. మధ్యలో అంతా బాగానే కనిపిస్తోందని, అంచులే కాస్త పోయాయని అన్నాడు. మరి సైకిలో అన్నాను. అది లాగేసుకుంటే ఇవాళే గుడ్డివాణ్ణయిపోతానే అన్నాడు.

ఒట్టు వేశాను. వేయకుండా ఎలా ఉంటాను?

ఫిబ్రవరి 14

పళ్ల సెట్లు చేసే మా ల్యాబ్‌లో ఇవాళ మూడు అచ్చులు పగలగొట్టాను. నా పుణ్యమా అని ముగ్గురు ఇంకో వారం బోసినోటితో ఉంటారు.

మార్చి 2, ఆదివారం

ఎక్కుడులో వేరు, కొమ్మ, కుడి అని అరుస్తూ పరిగెత్తాను. నేనేమన్నా సామాను బండినా అని విసుక్కున్నాడు. నోరు మూసుకున్నాను. ఊపిరి కూడా మిగిలింది.

దిగుడు సంగతి వేరు. సగం దారిలో తాబేలు రాయి ఉంది. వీపు పైకి పెట్టుకుని దారి మధ్యలో పడుకున్న తాబేలులా ఉంటుందని సైకిల్ వాళ్లు పెట్టిన పేరు. అది దాటగానే దారి ఎడమకి తిరుగుతుంది. తిరగకపోతే కుడి పక్కన పల్లం. ఇద్దరు మనుషుల లోతు, అడుగున బండలు. అందరూ రాయి పక్కనుంచి పోతారు. పై మలుపులోంచి చూస్తున్నాను, అన్నయ్య ముందు చక్రం తిన్నగా దాని మీదికే వెళ్లింది. సైకిల్ ఎగిరి పడింది. మరుక్షణంలో ఎడమకి తిరిగి మాయమయ్యాడు.

వంతెన దగ్గర చెడామడా తిట్టాను. పక్కనుంచి పోతే ఏం పోయిందన్నాను. తాబేలుని పలకరించకుండా ఎలా వస్తానే అన్నాడు.

పలకరింపూ లేదు, పాడూ లేదు. రాయి కనబడక గుద్దుతున్నాడు. నాకు తెలీదనుకుంటున్నాడు.

మార్చి 16, ఆదివారం

మళ్లీ తిన్నగా దాని మీదికే.

మార్చి 22, శనివారం

నాలుగో శనివారం, ట్రైల్ పని. మేం ఆరుగురం వచ్చాం. పోస్ట్‌మాస్టర్ గారే పెద్ద. రిటైరై పదేళ్లయినా అందరం అలాగే పిలుస్తాం. నీళ్లు కోసుకుపోయిన చోట రాళ్లు పేర్చాం, దారికి అడ్డొచ్చే కొమ్మలు కొట్టాం. తాబేలు రాయి తీసేద్దామని నేనే అన్నాను. అది ఎవర్నేం చేసిందమ్మా అన్నారాయన. ఎవరైనా పడకముందే తీసేద్దామన్నాను. రెండు గునపాలు, గంటసేపు. భూమిలో పైకి కనిపించేదానికి రెండింతలుంది. చివరికి కదిలింది. పల్లం వైపు కాకుండా పై గట్టు మీదికి దొర్లించి, గుంట పూడ్చి, మట్టి తొక్కేశాం. అరచేతులు బొబ్బలెక్కాయి. సంతోషంగానే ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. దారిలో ఏది తీసినా, ఏది మార్చినా గేటు దగ్గర నల్లబల్ల మీద సుద్దతో రాయాలి. వచ్చినవాళ్లు చదివాకే లోపలికి వెళ్లాలి. పెద్ద అక్షరాలతో నేనే రాశాను. తాబేలు రాయి తీసేశాం, ఇక దారి నున్నగా ఉంటుంది అని.

అన్నయ్యకి విడిగా చెప్పలేదు. చెబితే, నాకు కనబడదని తీశావా అని ఒళ్లు మండుతుంది. బల్ల మీద చదువుకుంటే ఎవరో తీశారులే అనుకుంటాడు.

మార్చి 23, ఆదివారం, మధ్యాహ్నం 2 గంటలు, ఆసుపత్రి వరండా

పెన్ను నర్సుది. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

గేటు దగ్గర అన్నయ్య ఎప్పట్లాగే నల్లబల్ల ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడేంతసేపే. తల ఊపి, సరే పద అన్నాడు. రాయి గురించి ఒక్క మాటా లేదు. కాస్త నొచ్చుకున్నాను కూడా. బొబ్బలు నావి మరి.

ఎక్కాం. వంతెన దగ్గర కలుద్దాం నత్తా అన్నాడు. వెళ్లిపోయాడు.

నేను నెమ్మదిగా దిగాను. రాయి ఉన్న చోట కొత్త మట్టి మీద తన చక్రం గీత చూశాను. తిన్నగా ఉంది. చూసి నవ్వుకున్నాను. నవ్వుకుని ఎడమకి తిరిగి పరిగెత్తుకుంటూ పోయాను.

వంతెన మీద అన్నయ్య లేడు.

నన్ను ఏడిపించడానికి దాక్కున్నాడేమో అని వంతెన కింద కూడా వెతికాను. పేరు పెట్టి పిలిచాను. అప్పుడు ఆ గీత గుర్తొచ్చింది. అది ఎడమకి తిరగనే లేదు.

పల్లంలో సైకిల్ పైన ఉంది, అన్నయ్య కింద ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూసి కాదు, నా అడుగుల చప్పుడుకి తల తిప్పాడు. "లెక్క తప్పానే," అన్నాడు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు. ఏం లెక్కో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మార్చి 24

తుంటి ఎముక, కుడి భుజం. ఆపరేషన్ చేస్తారట. ప్రాణానికి భయం లేదట.

కళ్లు కూడా చూశారు. కనీసం ఏడాదిగా కింద నేల కనబడి ఉండదని, చెట్ల నీడలో అయితే అసలేమీ కనబడి ఉండదని పెద్ద డాక్టర్ అన్నాడు. ఇలాంటి మనిషి కొండ మీద సైకిలెలా తొక్కాడని నన్నే అడిగాడు. వదిన నా పక్కనే నిలబడి వింటోంది.

మార్చి 26

అన్నయ్య వదినకి అంతా చెప్పేశాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

ట్రైల్ మొత్తం ఒంటితో నేర్చుకున్నాడట. గేటు నుంచి వేర్ల దాకా ఇరవై ఆరు తొక్కులు. వేర్లు మూడు కుదుపులు. తర్వాత చల్లగాలి తగిలితే నీళ్ల వంక వచ్చినట్టు. ఎక్కుడులో నా పసుపు చొక్కా కాదు, నా బూట్ల చప్పుడు. దిగుడులో తాబేలు రాయి. ముందు చక్రం దాని మీద ఎగిరిందంటే మూడు లెక్కపెట్టి ఎడమకి తిరగాలి. ఈసారి రాయి రాలేదట. ఇంకా రాలేదేమా అనుకుంటూనే పల్లంలోకి వెళ్లిపోయాడట. ఎక్కడో లెక్క తప్పానంటున్నాడు. రాయి పక్కనుంచి జారిపోయానేమో అంటున్నాడు.

మధ్యలో చూపు కూడా ఎప్పుడో మసకబారిందట. బల్ల చదవలేదు. చదవలేడు. నా ఎదురుగా చదివినట్టు నిలబడ్డాడు.

చెబుదామని గుమ్మం దాటాను.  వదిన నన్ను చూసి లేచి వచ్చి, వరండాలో ఒక్కటే అంది. "రోజూ ఆ కత్తి కింద పెట్టొచ్చిన చేతుల్లోనే టీ గ్లాసు పెట్టేదాన్ని. నీకు తెలుసు." తిట్టినా బాగుండేది. ఇంక రావద్దంది.

మార్చి 30

పోస్ట్‌మాస్టర్ గారు ల్యాబ్‌కి వచ్చారు. నల్లబల్ల ఆయనే తుడిచేశారట. ఆ రాయి సంగతి ఎవరితోనూ అనొద్దు, మనం చెడు తలచి తీయలేదు కదమ్మా అన్నారు. మంచిమనిషి. ఆయన చేతుల మీద కూడా బొబ్బలు ఇంకా మానలేదు.

సరేనన్నాను. ఎంత తేలిగ్గా సరేనన్నానో.

ఏప్రిల్ 20

బూట్లు తొడుక్కున్నాను. విప్పేశాను.

జూన్ 8

వదిన ఫోన్ చేసింది. రెండున్నర నెలల తర్వాత. కోపం తీరి కాదు, దిక్కుతోచక.

ఎముక అతుక్కుంది. నడవమని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. అన్నయ్య కుర్చీలోంచి లేవడు. కర్ర కొనిచ్చినా ముట్టుకోడు. మంచం నుంచి కుర్చీకి కూడా వదినే నడిపించాలి. ఇన్ని అడుగులు అని లెక్కపెట్టుకుని నడవమంటే, నా లెక్కని నమ్మితే ఏమైందో చూశావుగా అంటున్నాడట. నీ మాట వింటాడేమో, ఒకసారి వచ్చి చెప్పు అంది.

జూన్ 15, ఆదివారం

వెళ్లాను. చిక్కిపోయాడు. ఎవరూ అనడిగాడు, నత్తనన్నాను. నవ్వాడు. ఎంత పరిగెత్తుతున్నావని అడిగాడు. ఆరు కిలోమీటర్లని అబద్ధం చెప్పాను. మళ్లీ తనే మొదలెట్టాడు. వేర్ల దగ్గరే తప్పి ఉంటానే, పదిహేనేళ్లు తొక్కిన దారి ఎలా తప్పానంటాడు. వేళ్ల మీద లెక్కపెడతాడు, ఇరవై ఆరు దగ్గర ఆగుతాడు, మళ్లీ మొదటికొస్తాడు. ఇలా రోజంతా చేస్తాడని వదిన వంటింట్లో చెప్పింది.

ఒక్క మాటతో తీరిపోయే బాధ. ఆ మాట నా దగ్గర ఉంది. టీ తాగి వచ్చేశాను. నాలాంటి చెల్లెలు పగవాడికి కూడా వద్దు.

జూలై 6, ఆదివారం

చెప్పలేదు.

జూలై 20, ఆదివారం

చెప్పలేదు. రావద్దన్నందుకు ఇవాళ వదినే నాకు సారీ చెప్పింది. తలకాయ ఎక్కడ పెట్టుకోను?

ఆగస్టు 3, ఆదివారం

చెప్పేశాను.

వరసగా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. రాయి నేనే తీయించాను అనేశాను ముందే. తర్వాత గునపాలు, బల్ల, సుద్ద, తుడిచెయ్యడం, అన్నీ కిందామీదా అయిపోయాయి. నీకు దెబ్బ తగలకూడదనే తీశాను అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

  ఏ పక్కకి దొర్లించారని అన్నయ్య అడిగాడు. పై గట్టు మీదికన్నాను. తల ఊపాడు. నల్లబల్ల ముందు ఊపినట్టే.

"అయితే నా లెక్క తప్పలేదు," అన్నాడు.

నాతో కాదు. ఎవరితోనూ కాదు.

కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. వదిన ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పైకే లెక్కపెట్టుకుంటూ వంటింటి వైపు నడిచాడు. పదకొండు. కుండలో గ్లాసు ముంచిన చప్పుడు వినిపించింది. నీళ్లు తాగిన చప్పుడు కూడా.

తిరిగి వస్తాడని కూర్చున్నాను. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లాడు. అక్కడా లెక్క వినిపిస్తూనే ఉంది. ఏడుపు ఆగలేదు నాకు. సంతోషమూ ఉంది అందులో, ఎంతుందో తెలీదు. అరగంట తర్వాత వదిన వచ్చి, ఇవాళ్టికి వెళ్లమంటున్నాడంది. ఇవాళ్టికేనా అని అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఫోన్ చేస్తే వదినే తీస్తోంది. ఇల్లంతా తిరుగుతున్నాడట. వీధి చివరిదాకా కర్రతో వెళ్లొస్తున్నాడట. ప్రెస్‌లో పేకింగ్ పని ఇస్తామన్నారట. నాతో మాట్లాడతాడా అంటే, ఇప్పుడే బయటికెళ్లాడంటుంది. వెనకాల లెక్క వినిపిస్తూనే ఉంటుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

పోస్ట్‌మాస్టర్ గారూ నేనూ, రెండు గునపాలు. రాయిని దాని గుంటలో పెట్టాం. బల్ల మీద రాశాను.

దిగుడు మొదలయ్యే చోటినుంచి కళ్లు మూసుకుని నడిచాను. రాయి కాలికి తగిలింది. మూడు లెక్కపెట్టి తిరిగాను. ముళ్లకంపలోకి వెళ్లాను.

దాని వీపు వాలు ఇదివరకు ఏ వైపుకి ఉండేదో నాకు గుర్తు లేదు. పోస్ట్‌మాస్టర్ గారికీ గుర్తు లేదు. తెలిసినవాడు అన్నయ్య ఒక్కడే.